నాయనమ్మ నిద్రమాత్ర మనవడికి పనికిరాదు

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. మూడు నెలలుగా ప్రతిదానికీ విసుక్కుంటున్నాడు. ఆటలు, స్నేహితులు అన్నీ మానేసి గది తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు. ఎంత ఉక్కగా ఉన్నా పొడుగు చేతుల చొక్కా విప్పడు. నిద్ర పట్టడం లేదంటే మా అత్తగారికి డాక్టరు రాసిన అల్ప్రజోలం మాత్ర సగం చొప్పున మూడు వారాలుగా ఇస్తున్నాను. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఏకాగ్రతకు మంచి టానిక్ చెప్పగలరు. – ఒక తల్లి

జవాబు: టానిక్ సంగతి అలా ఉంచండి. మీరు మాటవరసకు రాసిన రెండు విషయాలే నన్ను కలవరపెడుతున్నాయి: ఆ సగం మాత్ర, ఆ పొడుగు చేతుల చొక్కా.

ముందుగా మాత్ర. పెద్దల మాత్రను చాకుతో సగం చేసినంత మాత్రాన అది పిల్లల మోతాదు అయిపోదు. అల్ప్రజోలం కొద్ది వారాల్లోనే అలవాటుగా మారగల మందు. పగలు మగతను, మతిమరుపును కలిగిస్తుంది, కొందరు పిల్లల్లో చిరాకును తగ్గించకపోగా పెంచుతుంది కూడా. మీరు ఏకాగ్రత లేదంటున్నదానికి ఈ మందు కూడా కొంత కారణం కావచ్చు. అలాగని ఈ రాత్రికే ఆపేయకండి. రోజూ వాడుతున్న మందును హఠాత్తుగా మానేస్తే ఆందోళన, నిద్రలేమి తిరగబెడతాయి, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే వైద్యుడిని కలిసి, ఎలా తగ్గించాలో ఆయన చెప్పినట్టే చేయండి. ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అని అడిగితే చాలామంది తల్లిదండ్రులు ‘ఏమీ లేవండీ’ అంటారు. రెండోసారి అడిగాకే బ్యాగులోంచి స్ట్రిప్ బయటికి వస్తుంది. మీరు మొదటిసారే చూపించండి.

ఇక చొక్కా. బాధను తట్టుకోలేని పిల్లలు కొందరు చేతులపై గాయాలు చేసుకుని వాటిని దాస్తారు. మీ అబ్బాయి విషయంలో అలా జరిగిందని చూడకుండా చెప్పలేను, కాని అడగకుండా వదిలేయడం మాత్రం సరికాదు. ఇద్దరే ఉన్నప్పుడు, తిట్టకుండా, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలక, అదే రోజు అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. ఈలోగా అత్తగారి మాత్రలతో సహా ఇంట్లోని మందులన్నీ బీరువాలో పెట్టి తాళం వేయండి.

ఈ వయసులో డిప్రెషన్ తరచు ఏడుపుగా కాక విసుగుగా కనిపిస్తుంది. విసుగు రెండు వారాలు దాటి, ఇష్టమైన ఆటను కూడా మానేస్తే దాన్ని వయసు ప్రభావమని సరిపెట్టుకోకూడదు. మీరు మూడు నెలలు ఆగారు, ఆ ఆలస్యం నాకు నచ్చలేదు. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు అవసరమో కాదో చూసిన డాక్టరు నిర్ణయిస్తారు.

నిద్ర గురించి ఒక మాట. కౌమారంలో శరీర గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది, కనుక పది గంటలకు నిద్ర రాకపోవడం మొండితనం కాదు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రోజూ ఒకే వేళకు లేవడం, ఫోన్‌ను గది బయట పెట్టడం కొంత మేలు చేస్తాయి. కోపం వచ్చినప్పుడు అప్పటికప్పుడు సంజాయిషీ అడగకుండా, కాసేపు నడిచి రానిచ్చి ఆ తర్వాత మాట్లాడండి.

డాక్టరు దగ్గర అబ్బాయి కాసేపు ఒంటరిగా మాట్లాడాల్సి ఉంటుంది. మిమ్మల్ని బయట కూర్చోమంటే చిన్నబుచ్చుకోకండి.