టర్బో మార్చడానికి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: సార్, నా దగ్గర 1993 మాజ్దా ఆర్‌ఎక్స్-7 కారు, ఎఫ్‌డీ అనే మోడల్, ఉంది, కొని రెండేళ్లయింది. మొదట్లో బాగానే లాగేది, ఈమధ్య 4500 ఆర్‌పీఎం దాటాక బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పడిపోయి నీరసంగా అయిపోతోంది. గ్యారేజ్‌లో చూపిస్తే ట్విన్ టర్బోలు పోయాయి, వాటి బదులు పెద్ద సింగిల్ టర్బో పెట్టేద్దాం అన్నారు. కొటేషన్ నా తొమ్మిది నెలల జీతమంత ఉంది. 14 శాతానికి నాలుగేళ్ల పర్సనల్ లోన్ వస్తోంది. హోమ్ లోన్‌కి జీతంలో 35 శాతం పోతుంది, ఎమర్జెన్సీ ఫండ్ ఐదు నెలల ఖర్చులకి సరిపోతుంది. ఎలాగూ ఈ కార్ల రేట్లు పెరుగుతున్నాయి, ఇది కూడా ఇన్వెస్ట్‌మెంటే కదా?

జవాబు: లోన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఒకటి చెప్పండి, టర్బోలు పోయాయని ఏం టెస్ట్ చేసి చెప్పారు? మీ ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు. జబ్బేంటో తేలకుండానే ఆపరేషన్‌కి అప్పు చేస్తానంటున్నారు మీరు.

ఎఫ్‌డీలో ఉండే 13బీ-ఆర్‌ఈడబ్ల్యూ రోటరీ ఇంజిన్, అంటే పిస్టన్ల బదులు రెండు రోటర్లు తిరిగేది, దానికి సీక్వెన్షియల్ ట్విన్ టర్బో అని మీకు తెలుసు, కింద ఆర్‌పీఎంలో ఒక టర్బోనే పనిచేసి 4500 దగ్గర రెండోది వచ్చి కలుస్తుంది. మీ కారు సరిగ్గా అక్కడే చతికిలపడుతోంది చూశారా, అందుకే నాకు టర్బోల కంటే ముందు వాటిని కలిపే సిస్టమ్ మీదే అనుమానం. దానికి యాక్చుయేటర్లు (వాల్వుల్ని కదిలించేవి), సోలెనాయిడ్లు (కరెంటుతో తెరుచుకునే స్విచ్ వాల్వులు), వన్‌వే వాల్వులు, వాటి మధ్య డజన్ల కొద్దీ సన్నటి వాక్యూమ్ గొట్టాలు ఉంటాయి, ఓనర్లంతా ఎలకల గూడు అని పేరు పెట్టుకున్నారు దానికి. ముప్పై ఏళ్లు ఆ వేడిలో ఉడికితే రబ్బరు అప్పడంలా విరుగుతుంది. ఒక్క గొట్టం ఊడినా, ఒక్క సోలెనాయిడ్ ఇరుక్కున్నా రెండో టర్బో నిద్రలేవదు, మీకేమో టర్బో పోయినట్టే అనిపిస్తుంది. బూస్ట్ గేజ్ లేకపోతే ఒకటి పెట్టించి చూడండి, స్టాక్ కారైతే, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్నదైతే, 10 పీఎస్ఐ దాకా వెళ్లి, రెండో టర్బో కలిసేటప్పుడు 8కి దిగి, మళ్లీ 10కి రావాలి. పైన 10 రాకుండా ఎక్కడ ఆగిపోతోందో రాసుకోండి. తర్వాత ప్రెజర్ పెట్టి లీక్ టెస్ట్, సోలెనాయిడ్లు ఒక్కోటి చెక్ చేయడం, గొట్టాలన్నీ సిలికాన్‌వి వేయడం. సామాను ఖర్చు పెద్దగా ఉండదు, లేబర్ మాత్రం గట్టిగానే అవుతుంది, ఎందుకంటే అందులోకి చెయ్యి దూరాలంటే పైన సగం విప్పాలి. అయినా మీ కొటేషన్‌తో పోలిస్తే అది చిల్లర కిందే లెక్క.

ఇంకోటి, ఇదే అసలైనది, కంప్రెషన్ టెస్ట్, అంటే ఇంజిన్ లోపల గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలవడం. మామూలు గేజ్‌తో చేసి ఇంజిన్ బాగుంది అంటే నమ్మకండి, రోటర్‌కి మూడు ముఖాలుంటాయి, మామూలు గేజ్ ఆ మూడింట్లో ఎక్కువున్నదే చూపిస్తుంది, మిగతా రెండూ పడిపోయినా తెలీదు. రోటరీ టెస్టర్ ఉన్నవాళ్ల దగ్గర ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు చేయించి, ఒక్కో రోటర్‌కి మూడు చొప్పున ఆరు నంబర్లు కాగితం మీద తీసుకోండి. ఆరూ దగ్గర దగ్గరగా ఉండటం చాలా ముఖ్యం.

దీనికీ డబ్బులకీ ఏం సంబంధం అంటారేమో. సంబంధం ఉంది. కంప్రెషన్ తక్కువున్న ఇంజిన్ మీద పెద్ద టర్బో పెడితే, ఫ్యూయల్ కాస్త తక్కువ పడినా డెటొనేషన్ (లోపల ఇంధనం ఒక్కసారిగా పేలడం) వచ్చి అపెక్స్ సీల్, అంటే రోటర్ మూలన ఉండే సీల్, విరుగుతుంది, ఆ ముక్క ఎగ్జాస్ట్‌లోంచి పోతూ పోతూ టర్బైన్ చక్రాన్ని కొడుతుంది. అంటే లోన్ పెట్టి కొన్న టర్బో కూడా ఇంజిన్‌తో పాటే పోతుంది, ఈఎమ్ఐ మాత్రం నాలుగేళ్లూ ఉంటుంది. టయోటా సుప్రా కారులోని 2జేజెడ్ ఇంజిన్ వాళ్లు స్టాక్ ఇంజిన్ మీద ఎంత పవర్ తీశారో చదివి ఆ లెక్క ఇక్కడ వేయకండి, అది ఇనుప బ్లాక్ ఉన్న ఇన్‌లైన్ సిక్స్, తప్పులు కొంత ఓర్చుకుంటుంది. రోటరీ ఓర్చుకోదు. పైగా సింగిల్ టర్బో అంటే టర్బో ఒక్కటే కాదు కదా, ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంప్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), ట్యూనింగ్, ఇంటర్‌కూలర్, రేడియేటర్, ఆ పవర్ తట్టుకునే క్లచ్, అన్నీ వరసగా వస్తాయి. కొటేషన్‌లో ఇవన్నీ ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు లోన్ లెక్క. 14 శాతం, 48 నెలలు అంటే అసలు మీద దాదాపు 31 శాతం వడ్డీ. తొమ్మిది నెలల జీతం తీసుకుని పదకొండు నెలల ఇరవై నాలుగు రోజుల జీతం కడతారు. ఈఎమ్ఐ జీతంలో పావు వంతుకి కొంచెం తక్కువ, హోమ్ లోన్ కలిపితే 60 శాతం అప్పులకే పోతుంది. మిగతా 40లో ఇల్లు గడవాలి, కారు పెట్రోలూ పోయాలి. నేనైతే వద్దనే అంటాను.

ఇన్వెస్ట్‌మెంట్ మాటకొస్తే, 1991లో మొదలై 2002లో ఆగిపోయిన కారు, మంచి ఎఫ్‌డీలకి గిరాకీ ఉన్నమాట నిజమే, కానీ ఆ గిరాకీ ఎక్కువగా కదిలించని స్టాక్ కార్లకి, మీరేమో స్టాక్ టర్బోలు పీకేస్తానంటున్నారు! మోడిఫికేషన్‌కి పెట్టింది అమ్మేటప్పుడు తిరిగి రాదు, అది మీ సరదా ఖర్చు, సరదాకి పెట్టడం తప్పేం కాదు, ఆ ఖాతాలోనే రాసుకోండి అంతే. ఎప్పటికైనా సింగిల్ టర్బోకి వెళ్లినా తీసిన టర్బోలు, ఈసీయూ, ఆ గొట్టాల గూడుతో సహా పెట్టెలో దాచండి.

నేనూ ఈ బుద్ధి తక్కువ పని చేసినవాణ్నే. పాత జపనీస్ టర్బో కారొకటి ఉండేది నాకు, వచ్చిన బోనస్ అంతా పెట్టి సస్పెన్షన్, చక్రాలు వేయించా, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంక్ ముసలిదై గోధుమ రంగు తిరిగిపోయిందని చూసి కూడా వచ్చే నెల చూద్దాంలే అనుకున్నా. ఆ వచ్చే నెల రాకముందే అది పగిలి, ఇంజిన్ వేడెక్కి, హెడ్ వంగిపోయింది. కొత్త చక్రాల మీద ఎనిమిది నెలలు కదలకుండా నిలబడింది కారు.

అందుకే మీరు గొట్టాలు మార్చే పనిలోనే ఎయిర్ సెపరేటర్ ట్యాంక్ (కూలెంట్‌లోంచి గాలి వేరుచేసేది) ఇంకా ప్లాస్టిక్‌దే ఉంటే మెటల్‌ది వేయించేయండి, ఎఫ్‌డీలో అది పగలడం మామూలే. ఫ్యూయల్ పల్సేషన్ డాంపర్ (పెట్రోల్ లైన్‌లో ఒత్తిడి కుదుపుల్ని తగ్గించేది) లీక్ ఉందేమో కూడా చూపించండి, దానివల్ల కార్లు తగలబడిన సందర్భాలున్నాయి. ఇన్సూరెన్స్ కూడా మార్కెట్ వాల్యూ మీద కాకుండా ముందే ఒప్పుకున్న విలువ మీద దొరుకుతుందేమో అడగండి, ఏ మార్పు చేసినా వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి, చెప్పకపోతే క్లెయిమ్ అప్పుడు అదే సాకు అవుతుంది.

టెస్టులకీ, గొట్టాలకీ ఈ రెండు మూడు నెలల జీతంలోంచే సర్దుకోండి, ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోవద్దు. తర్వాత నెలకి జీతంలో 10 శాతం విడిగా ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, దాన్ని టర్బో ఫండ్ అనకండి, రీబిల్డ్ ఫండ్ అనండి, ఎందుకంటే రోటరీకి రీబిల్డ్, అంటే ఇంజిన్ విప్పి సీళ్లు మార్చి మళ్లీ కట్టడం, ఏదో ఒక రోజు తప్పదు. ఇంజిన్ ఆరోగ్యంగా ఉండి ఆ డబ్బు మిగిలితే అప్పుడు పెద్ద టర్బో గురించి నన్ను మళ్లీ అడగండి, అప్పుడు ఇంత గట్టిగా అడ్డుపడను. ఈలోగా ఆ ఆరు నంబర్లూ వచ్చాక పంపండి, నెలకి 10 శాతం సరిపోతుందా, 15 చేయాలా అన్నది వాటిని చూశాకే చెప్పగలను.