రిపోర్టు బాగుందని కొలెస్ట్రాల్ మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 56. రెండేళ్ల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. అప్పటి నుంచి రోజూ రాత్రి రోసువాస్టాటిన్ 20 మి.గ్రా. మాత్ర వేసుకునేవాడిని. ఆమధ్య పరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 58 వచ్చింది. ఈ మాత్రతో షుగర్ వస్తుందని, లివర్ పాడవుతుందని వాట్సాప్‌లో చూసి మూడు నెలలుగా మానేశాను. పొద్దున్నే వెల్లుల్లి, మెంతుల నీళ్లు తీసుకుంటున్నాను. 40 నిమిషాలు నడుస్తున్నాను. ఈమధ్య మెట్లెక్కితే కాస్త ఆయాసం వస్తోంది, వయసు వల్లనేమో. వంటకు ఏ నూనె మంచిది? గుడ్డులో పచ్చసొన తినొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నూనె సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఆయాసం. స్టెంట్ ఉన్న మనిషికి కొత్తగా ఆయాసం మొదలైతే వయసు వల్లేనని సరిపెట్టుకోకూడదు. రక్తహీనత వల్లా రావచ్చు, ఊపిరితిత్తుల వల్లా రావచ్చు. చూడకుండా నేను ఇక్కడి నుంచి చెప్పలేను. కానీ ముందుగా అనుమానించాల్సింది గుండెనే. రెండు మూడు రోజుల్లో మీ కార్డియాలజిస్టును కలిసి ఈసీజీ, ఎకో చేయించుకోండి. అప్పటిదాకా వేగంగా నడవొద్దు. కూర్చున్నా ఆయాసం వచ్చినా, ఛాతీలో బరువు, దవడ లేదా చెయ్యి లాగడం, చెమటలు కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక మాత్ర. ఆ 58 మీరు మాత్ర వేసుకుంటుండగా వచ్చిన 58. మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి కాదు, లివర్ తయారు చేసేదే. మీ రోసువాస్టాటిన్ లాంటి స్టాటిన్ మందు ఆ తయారీని తగ్గిస్తుంది. దాంతో లివర్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. మాత్ర ఆపితే కొద్ది వారాల్లోనే అంకె పాత చోటికి వస్తుంది. ల్యాబ్ కాగితం మీద 100 లోపు నార్మల్ అని ఉంటుంది. అది గుండెపోటు రాని వాళ్ల లెక్క. స్టెంట్ పడినవాళ్లకు 55 కంటే తక్కువ ఉండాలంటున్నాం. అంటే 58 మీకు మాత్ర ఆపేసే అంకె కానే కాదు.

రిపోర్టు బాగుందని మందు మానేసి మళ్లీ గుండెపోటుతో వచ్చినవాళ్లను నేను చూశాను. వాళ్లలో చాలామంది మీలాగే జాగ్రత్తపరులు, రోజూ నడిచేవాళ్లు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అనుమానం వస్తే ఆ ఫార్వర్డ్ మెసేజ్‌నే మీ డాక్టరుకు చూపించి అడగాల్సింది. షుగర్ అంచున ఉన్నవాళ్లలో స్టాటిన్ వల్ల అది కొంచెం పెరిగే మాట నిజమే. కానీ మీలాంటివారికి గుండెకు జరిగే మేలు దానికంటే చాలా ఎక్కువ. లివర్ తీవ్రంగా దెబ్బతినడం చాలా అరుదు, రక్తపరీక్షతో గమనించుకోవచ్చు. కండరాల నొప్పులు వస్తే డోసు తగ్గించడం, మందు మార్చడం వంటి దారులున్నాయి. మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం వెంటనే చెప్పాలి.

మరో మాట. ఈ ఒక్క మాత్రే ఆపారా, ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మందులు కూడా ఆపారా? మీరు రాయలేదు. అవీ ఆపి ఉంటే ఇవాళే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. స్టాటిన్ ఏ డోసుతో మళ్లీ మొదలుపెట్టాలో కూడా ఆయన్నే అడగండి.

వెల్లుల్లి, మెంతులు కూరలో, పులుసులో వేసుకోండి, మంచిదే. కానీ తిండి ఎంత మార్చుకున్నా ఎల్‌డీఎల్ మామూలుగా 10–15 శాతం తగ్గుతుంది. మీరు వాడిన డోసు స్టాటిన్ దాదాపు సగానికి తగ్గిస్తుంది. నడక మానొద్దు, డాక్టరు చూశాక కొనసాగించండి. సిగరెట్ అలవాటుంటే పూర్తిగా మానాలి.

నూనె ఏదన్నదాని కంటే ఎంతన్నది ముఖ్యం. మనిషికి నెలకు అర లీటరు దాటనివ్వకండి. వేరుశనగ, నువ్వులు, రైస్ బ్రాన్ మార్చి మార్చి వాడొచ్చు. డాల్డా, పామాయిల్ వద్దు. బజ్జీలు వేయించిన నూనెను మళ్లీ కాచి వాడొద్దు. పచ్చసొన వారానికి మూడు నాలుగు చాలు. షుగర్ ఉంటే ఇంకా తగ్గించాలి.

డాక్టరు దగ్గరకు పాత యాంజియోగ్రామ్ రిపోర్టు, మందుల చీటీ, ఇంట్లో మిగిలిన స్ట్రిప్పులు అన్నీ తీసుకెళ్లండి. మాత్ర ఎప్పటి నుంచి మానేశారో దాచకుండా చెప్పండి.