ఎనిమిదిలో ఫెయిలైతే టీసీ ఇచ్చి పంపేయవచ్చా?

ప్రశ్న: మేము విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాం. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ పని చేస్తారు. మా అబ్బాయి ఒక ప్రైవేటు సీబీఎస్ఈ స్కూల్లో ఎనిమిదో తరగతి చదివాడు. ఏప్రిల్‌లో జరిగిన పరీక్షల్లో లెక్కలు, సైన్సు తప్పాడు. స్కూలువాళ్లు మమ్మల్ని పిలిచి, ‘కేంద్రం కొత్త రూల్ తెచ్చింది, ఎనిమిదిలో ఫెయిలైతే ఆపేయవచ్చు. మళ్లీ ఎనిమిదే చదివించండి, లేదంటే టీసీ తీసుకోండి’ అన్నారు. ‘మా ఇష్టంతోనే టీసీ కోరుతున్నాం’ అని టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గినప్పుడల్లా వాడిని క్లాసు బయట నిలబెట్టేవారు. ఇప్పుడు పుస్తకం ముట్టుకోవడం లేదు. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. చట్టం ఏం చెబుతోంది?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మీరు సంతకం పెట్టిన మరుక్షణం ‘మేం తీసేయలేదు, వాళ్లే వెళ్లిపోయారు’ అని చెప్పుకోవడానికి స్కూలుకు ఆధారం దొరుకుతుంది. ఆ తర్వాత ఏ అధికారి దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితమే చూపిస్తారు. ఇంట్లో ఇంకెవరైనా ఇప్పటికే పెట్టి ఉంటే, ఒత్తిడి చేసి పెట్టించుకున్నారనీ, దాన్ని వెనక్కి తీసుకుంటున్నామనీ ఈ రోజే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి.

ఇక ఆ ‘కొత్త రూల్’ సంగతి. వాళ్లు మీకు సగమే చెప్పారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం (2009) 16వ సెక్షన్ ప్రకారం, మొదట్లో ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు పిల్లల్ని ఏ తరగతిలోనూ ఆపడానికి వీల్లేదు, బడి నుంచి తీసేయడానికీ వీల్లేదు. 2019లో పార్లమెంటు ఈ సెక్షన్‌ను మార్చింది. ఇప్పుడు 5, 8 తరగతులకు ఏడాది చివర రెగ్యులర్ పరీక్ష ఉంటుంది. అందులో తప్పిన పిల్లలకు అదనంగా పాఠాలు చెప్పాలి. ఫలితాలు ప్రకటించిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితేనే ఆపే ప్రశ్న వస్తుంది. అప్పుడు కూడా ఆ అధికారం స్కూలుకు దానంతటదే రాదు. అలా ఆపడానికి స్కూళ్లను అనుమతించాలా వద్దా అన్నది ‘సంబంధిత ప్రభుత్వం’ తేల్చాలి.

ఆ ప్రభుత్వం ఏది? చట్టం 2వ సెక్షన్‌లోనే దీనికి జవాబుంది. కేంద్రం స్థాపించిన, కేంద్రం ఆధీనంలో ఉన్న బడులకు కేంద్ర ప్రభుత్వం. రాష్ట్రంలోని మిగతా బడులన్నిటికీ రాష్ట్ర ప్రభుత్వం. 2024 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధన కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, సైనిక స్కూళ్ల వంటి తన సొంత బడుల కోసం. మీ అబ్బాయి స్కూలుకు సీబీఎస్ఈ అనుబంధం ఉన్నంత మాత్రాన అది కేంద్ర ప్రభుత్వ బడి అయిపోదు. సీబీఎస్ఈ పరీక్షలు పెట్టే బోర్డు. సింగ్‌నగర్‌లో ఒక యాజమాన్యం నడుపుతున్న ప్రైవేటు స్కూలుకు సంబంధిత ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. కాబట్టి మీరు స్కూలును అడగాల్సింది ఒక్కటే: ‘ఎనిమిదిలో ఆపడానికి మీకు అనుమతి ఇచ్చిన రాష్ట్ర ప్రభుత్వ జీవో నంబరు, తేదీ రాసి ఇవ్వండి.’ నోటిమాట వద్దు, కాగితం మీదే కావాలి.

వాళ్లు జీవో ఏదైనా చూపించారనే అనుకుందాం. అయినా అదనపు పాఠాలు ఎప్పుడు చెప్పారు, రెండో పరీక్ష ఎప్పుడు పెట్టారు అని అడగండి. ఏప్రిల్ నెలాఖరులో ఫలితం చెప్పి ఉంటే, జూన్ నెలాఖరులోపు రెండో పరీక్ష జరిగి తీరాలి. అది పెట్టకుండానే ‘ఫెయిల్’ అని తేల్చేస్తే అది 16వ సెక్షన్‌కు విరుద్ధం. పైగా ఆపడం వేరు, పంపేయడం వేరు. 2019 సవరణ తర్వాత కూడా ఎనిమిదో తరగతి చదువు పూర్తయ్యే వరకు ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదన్న మాట చట్టంలో అలాగే ఉంది. అందుకు మినహాయింపు ఇచ్చే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు. ‘మళ్లీ చదవండి లేదా టీసీ తీసుకోండి’ అన్న మాటలో రెండో సగానికి చట్టంలో చోటే లేదు.

విజయవాడ, గుంటూరుల్లో ఈ సమస్య ఎక్కడి నుంచి వస్తోందో అందరికీ తెలుసు. పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితాలు అని ఫ్లెక్సీ కట్టాలంటే, తప్పేలా కనిపించే పిల్లల్ని ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో దించేయడం వాళ్లకు సులువైన దారి. ఇది పిల్లలకు అన్యాయం. చట్టం పరీక్ష పెట్టమన్నది ఎక్కడ అర్థం కాలేదో తెలుసుకుని నేర్పించడానికి. 24వ సెక్షన్ టీచర్ల విధులను చెబుతుంది. ప్రతి పిల్లవాడి నేర్చుకునే శక్తిని అంచనా వేయాలి, అవసరమైతే అదనంగా బోధించాలి, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, ప్రగతి చెప్పాలి. 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉండాలంటుంది. అంటే లెక్కల్లో వెనకబడ్డాడన్న సంగతి స్కూలుకు ఏప్రిల్‌లో కాదు, జూలై, ఆగస్టుల్లోనే తెలియాలి, మీకు చెప్పాలి, ఏదో ఒకటి చేయాలి. ఏడాది పొడవునా వీక్లీ టెస్టులు పెట్టారు కదా. ఆ మార్కులు చూసి ఏం చేశారు? ఈ ప్రశ్న మీ ఉత్తరంలో తప్పకుండా ఉండాలి. జవాబు పత్రాలు చూపించమని కూడా అడగండి.

పిల్లవాడిని బయట నిలబెట్టడం గురించి మీరు చివర్లో రాశారు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు. 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. మార్కులు తగ్గాయని పదిమంది ముందు అవమానించడం ఆ వేధింపు కిందికే వస్తుంది. బాధ్యులైన వాళ్ల మీద సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. ఏ నెలలో జరిగింది, ఏ సబ్జెక్టు టెస్టు తర్వాత, ఎవరు నిలబెట్టారు అనేవి అబ్బాయిని మెల్లగా, బెదిరిపోకుండా అడిగి రాసుకోండి.

ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలంటే, 32వ సెక్షన్ ప్రకారం స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వాలి. విజయవాడలో అది నగరపాలక సంస్థ. కానీ ప్రైవేటు స్కూళ్ల గుర్తింపు చూసేది విద్యాశాఖ కాబట్టి, ఎన్టీఆర్ జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) పేరిట రాసి, మండల విద్యాశాఖాధికారికీ (ఎంఈఓ), మున్సిపల్ కమిషనర్‌కూ కాపీలు ఇవ్వండి. ఇచ్చిన ప్రతిచోటా మీ కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. రెండు పక్షాల మాటా విని మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. అందులో న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇవ్వండి. అక్కడ నంబరు ఇస్తారు, ఫైలు కదులుతుంది. గుర్తింపు షరతులు ఉల్లంఘించిన స్కూలుకు 18వ సెక్షన్ కింద గుర్తింపు రద్దు చేసే అధికారం విద్యాశాఖకు ఉంది. చాలా యాజమాన్యాలు డీఈఓ ఆఫీసు నుంచి వివరణ కోరుతూ ఉత్తరం రాగానే దారికొస్తాయి. అధికారులు కదలకపోతే నేలపాడులోని హైకోర్టులో రిట్ (అధికారులు తమ విధి చేసేలా ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు. లాయరు ఫీజు గురించి దిగులు పడకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కోర్టులో న్యాయసేవాధికార సంస్థ వాళ్లను అడగండి.

మీకు నచ్చకపోయినా ఒక మాట చెప్పాలి. ఈ రక్షణంతా ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకే. స్కూలువాళ్లు రేపు తెలివిగా ‘సరే, ఎనిమిది పాస్ చేశాం, తొమ్మిదికి ఇంకో చోటు చూసుకోండి’ అంటే విద్యాహక్కు చట్టం ఒక్కదాన్నే పట్టుకుని పోరాడటం కష్టం. అలా జరిగితే కనీసం ఎనిమిది పూర్తయినట్టు సర్టిఫికెట్ తీసుకోండి. 30వ సెక్షన్ ప్రకారం అది ఇవ్వాల్సిందే. టీసీలో పై తరగతికి అర్హుడని రాశారో లేదో చూడకుండా తీసుకోవద్దు. దానితో దగ్గర్లోని మున్సిపల్ హైస్కూల్లో తొమ్మిదిలో చేర్చవచ్చు, ఏడాది పోదు. ఇంకో సంగతి, మీ స్కూలు మైనారిటీ విద్యాసంస్థగా గుర్తింపు పొందినదైతే, 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల విద్యాహక్కు చట్టం దానికి వర్తించదు. అది ముందే కనుక్కోండి.

ఫీజు బాకీ ఏమైనా ఉంటే దాన్ని ఈ గొడవతో కలపనివ్వకండి. కట్టేది రసీదు తీసుకునే కట్టండి. వేసవి సెలవుల తర్వాత స్కూలు తెరిచిన రోజునే అబ్బాయిని యూనిఫాంలో పంపండి, మీరు కూడా తోడు వెళ్లండి. గేటు దగ్గర ఆపితే ఎవరు ఆపారో, ఏ టైముకు ఆపారో అక్కడే రాసుకుని ఆ రోజే డీఈఓ ఆఫీసులో ఇవ్వండి.