చేత్తో చేసిన సరుకుకి ఎక్కువ ధర పెట్టొచ్చా? అనకాపల్లి బెల్లం చూసి పెరిగినవాడిగా నా జవాబు

"చేత్తో వండిన బెల్లం, కట్టె గానుగ నూనె అంటూ రెట్టింపు ధర చెబుతున్నారు. ఫ్యాక్టరీ సరుకుతో పోలిస్తే నిజంగా తేడా ఉందా, పేరుకేనా?" అని అడిగారు. ఉంది. ముడిసరుకు రోజుకో రకంగా వస్తుంది కదా, దాన్ని ఎవరు, ఎలా సర్దుకొస్తారన్న దగ్గరే ఉంది తేడా అంతా.

మా ఇల్లు గాజువాకలో. అమ్మ పుట్టిల్లు అనకాపల్లి పక్క పల్లె. మావయ్య వాళ్లు చెరకు వేస్తారు, సీజన్లో సొంతంగా బెల్లం వండుతారు. అందుకని నాకు దగ్గరగా తెలిసిన బెల్లం గురించే ఎక్కువ చెబుతాను.

చెరకు ఎప్పుడూ ఒకేలా ఉండదు. చౌడు నేలలో పండితే రసంలో ఉప్పదనం వస్తుంది. తుఫానుకి పడిపోయిన తోట రసం ఇంకో రకం. నరికిన గడ రెండ్రోజులు గట్టు మీద పడుంటే అందులోని సుక్రోజు, అంటే మనం పంచదార అనేదే, విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే వేరే చక్కెరలు అవుతుంది. ఆ రసంతో వండిన బెల్లం సరిగా గట్టిపడదు, వానాకాలం వచ్చేసరికి నీరు కారుతుంది. అందుకే మావయ్య వాళ్లు ఏ రోజు నరికింది ఆ రోజే ఆడించేస్తారు. రకాన్ని బట్టీ మారుతుంది. అనకాపల్లి పరిశోధన కేంద్రం 1913 నుంచి చెరకు మీద పని చేస్తోంది. అక్కడి నుంచి వచ్చిన 87ఏ298, అంటే విశ్వామిత్ర రకం, మా వైపు చాలామంది వేశారు. చేత్తో వండే బెల్లం వెనక కూడా శాస్త్రం ఉందని చెప్పడానికే ఈ మాట.

రసాన్ని గుడ్డలో వడకట్టి పెనంలో పోస్తారు. కింద మంట ఆ చెరకు పిప్పిదే. వేడెక్కుతుంటే సున్నపు నీళ్లు కొంచెం వేస్తారు. దాంతో పులుపు విరిగి, మలినాలు తెట్టుగా పైకి తేలతాయి. ఆ తెట్టుని ఎంత ఓపిగ్గా తీస్తే బెల్లం అంత శుభ్రం. సున్నం తక్కువైతే దిమ్మ మెత్తగా ఉండిపోతుంది, ఎక్కువైతే నల్లబడుతుంది. కొలత ఎక్కడా రాసి ఉండదు. పాకం చూసే పెద్దాయన గడ ఏ పొలం నుంచి వచ్చిందో కనుక్కుని, రసం రంగు చూసి వేస్తారు.

చివర్లో ఆయన పెనం దగ్గర నుంచి కదలరు. నురుగు పొంగితే రెండు చుక్కల నూనె చిలకరిస్తారు. బుడగలు బరువెక్కి ఒక్కొక్కటే పేలడం మొదలయ్యాక కొంచెం పాకం తీసి చన్నీళ్లలో వేస్తారు. వేళ్లతో కూడదీస్తే ఉండ కట్టాలి, వేళ్లకి అంటకూడదు. థర్మామీటరు పెడితే అప్పటికి 118 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. రసం బాగోలేని రోజున ఇంకాస్త ఆగి దించుతారు. ఆ కాస్త దాటిందా, మాడు వాసన వచ్చేస్తుంది.

అదే చెరకు పంచదార ఫ్యాక్టరీకి వెళ్తే వందలమంది రైతుల గడ కలిసిపోయి ఒకే రసం అవుతుంది. ల్యాబులో ఆమ్లత్వం కొలుస్తూ సున్నం పాలు కలిపి, సల్ఫర్ డయాక్సైడ్ పంపి తేరుస్తారు. గాలి తీసేసిన పాత్రల్లో 70 డిగ్రీల దగ్గరే మరిగించి పలుకు కట్టిస్తారు. సెంట్రిఫ్యూజులో గిరగిరా తిప్పి మొలాసిస్‌ని, అంటే పలుకు కట్టని నల్లటి జిగట పాకాన్ని, వేరు చేస్తారు. మిగిలింది 99.5 శాతానికి పైగా సుక్రోజు. ఏ పొలం చెరకైనా రుచి ఒకటే, ఆరు నెలలున్నా చెక్కుచెదరదు, ధరా తక్కువ. ఇది చిన్న విషయం కాదు. బెల్లంలో మొలాసిస్ విడిపోదు కాబట్టి ఇనుములాంటి ఖనిజాలూ, ఆ వాసనా అందులోనే ఉండిపోతాయి. అలాగని షుగరున్నవాళ్లు ధైర్యంగా తినేయకూడదు, బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే.

నన్ను నిజంగా బాధపెట్టేది రంగు సంగతి. మార్కెట్లో దిమ్మకి రంగుని బట్టి ధర కడతారు. పసుపుపచ్చగా మెరిసేదానికి ఎక్కువ, ముదురు గోధుమ రంగుకి తక్కువ. ఎందుకంటే విశాఖ పూర్ణా మార్కెట్లోనూ రైతు బజార్లోనూ మనం వేలు పెట్టి చూపించేది ఆ పసుపుపచ్చ దిమ్మనే. ఆ రంగు కోసం చాలాచోట్ల హైడ్రోస్, అంటే రంగు తేల్చే సోడియం హైడ్రోసల్ఫైట్ అనే మందు, పెనంలో వేస్తారు. దానివల్ల బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ ఎంతకు మించకూడదో ప్రమాణాలున్నాయి. కానీ గుప్పిటతో వేసేచోట కొలిచేదెవరు? ఫ్యాక్టరీలో కనీసం ల్యాబుంది. పెద్దాయన కంటిచూపుకి డబ్బిస్తున్నాం అనుకుని, ఆ కంటిచూపుని పక్కన పెట్టించేసే రంగుని మనమే అడుగుతున్నాం. బెండ కాడల జిగురుతో తేర్చి, ఏ మందూ వెయ్యకుండా వండిన రైతుకి ముదురు రంగు వచ్చిందని ధర తగ్గిస్తే, వచ్చే ఏడు ఆయన కూడా హైడ్రోస్ డబ్బా కొంటాడు. ఆయన్ని తప్పు పట్టలేను.

నూనె విషయమూ ఇంతే. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటే గానుగ నూనెలోకి కూడా అది వస్తుంది. రిఫైనరీ చేసే శుద్ధిలో చాలావరకు పోతుంది. పల్లీలు ఏరి, ఎండబెట్టి ఆడించేవాళ్ల దగ్గర గానుగ నూనెకి ఉండే వాసన, రుచి రిఫైన్డ్‌లో ఉండవు. ఏరకుండా ఆడించేవాళ్ల దగ్గర కొనేకంటే రిఫైన్డ్ ప్యాకెట్టే నయం. పైగా ఈ రెండూ పూర్తిగా వేరు వేరు లోకాలు కూడా కాదు. మాడుగుల హల్వా చూడండి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కలుపుతారు. అందులో పడే పంచదార మాత్రం ఫ్యాక్టరీదే.

కాబట్టి మా ఇంట్లో టీకి, కేకులకి పంచదారే. అరిసెలకి, పరమాన్నానికి, పానకానికి మావయ్య వాళ్ల బెల్లం. మీకు అలాంటి చుట్టాలు లేకపోతే సంక్రాంతి తర్వాత, ఇంకా గానుగలు ఆడుతుండగానే, అనకాపల్లి వైపు వెళ్లి వండేచోటే కొనండి. ఏ ఊరి చెరకు, ఎప్పుడు వండారు, హైడ్రోస్ వేశారా అని అడగండి. జవాబు చెప్పలేనివాళ్లకి రెట్టింపు ధర ఇవ్వకండి. చెప్పినవాళ్ల దగ్గర ముందు అరకిలో చాలు. గోధుమ రంగుదే తీసుకోండి. ఇంటికెళ్లాక గాజు గ్లాసులో పానకం కలిపి ఓ గంట కదపకుండా ఉంచండి. అడుగున దిగిన ఇసుక, పిప్పి నలకలు చూస్తే రసాన్ని ఎంత శ్రద్ధగా వడకట్టారో, పెనం దగ్గర ఎంత ఓపిగ్గా పని చేశారో మీకే తెలిసిపోతుంది.