తొలి పుస్తకాన్ని ప్రచురణ సంస్థకు ఇవ్వాలా, సొంతంగా వేసుకోవాలా?

తెలుగులో తొలి కథల సంపుటి వేసేవారికి ఈ ప్రశ్న ఎక్కువగా పంపిణీ దగ్గరే తేలుతుంది. ప్రచురణ సంస్థ ఖర్చు భరించి, పుస్తకాల షాపులతో లావాదేవీలు తానే చూసుకుని రచయితకు రాయల్టీ ఇస్తుంది. సొంతంగా వేసుకుంటే హక్కులూ నిర్ణయాలూ మీవే అయినా, అమ్ముడుపోని కాపీలు కూడా మీ అటక మీదే ఉంటాయి. ఐఎస్‌బీఎన్‌ను (పుస్తకానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్యను) రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది కనుక దానికి దిగులు అక్కర్లేదు. ఒప్పందాన్ని మాత్రం శ్రద్ధగా చదవాలి: 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి పరిమితమైనట్టుగా పరిగణిస్తారు. రచయిత దగ్గరే డబ్బు అడిగే సంస్థ (ఏ పేరు పెట్టుకున్నా) ముద్రణ సేవ అమ్ముతున్నట్టే లెక్క. మీ కథలు పత్రికల్లో వచ్చి, కొందరు పాఠకులు ఇప్పటికే ఉంటే, 300 కాపీలతో సొంతంగా మొదలుపెట్టడమే నాకు సబబుగా తోస్తుంది.