ఆ నిటారు సోర్సుల సంగతి

తల్లీ,

నీ మెయిల్ చూశాను. జీఎంఆర్‌టీ (పుణె దగ్గరి రేడియో టెలిస్కోప్) వాళ్ల టీజీఎస్‌ఎస్ ఆకాశ సర్వేలో 150 మెగాహెర్ట్జ్ దగ్గర కనబడి, 1400 దగ్గర ఎన్‌వీఎస్‌ఎస్ అనే ఇంకో సర్వేలో జాడ లేని సోర్సులన్నీ పల్సర్లేమోనని (గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే చచ్చిన నక్షత్రాలు) సంబరపడుతున్నావు. సంబరం సరే, అప్పుడే ప్రపోజల్ రాయకు.

ముందు లెక్క చూడు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఫ్లక్స్, అంటే మనకు అందే ప్రకాశం, ఎంత వేగంగా పడిపోతుందో చెప్పేది స్పెక్ట్రల్ ఇండెక్స్; అది ఎంత ఎక్కువ మైనస్ అయితే స్పెక్ట్రం అంత నిటారు. మామూలు రేడియో గెలాక్సీలకి అది -0.7, -0.8 చుట్టూ ఉంటుంది. ఎన్‌వీఎస్‌ఎస్ కేటలాగ్ సుమారు 2.5 మిల్లీజాన్‌స్కీల (ఫ్లక్స్ కొలత) దగ్గర ఆగిపోతుంది కాబట్టి, నీ 25 మిల్లీజాన్‌స్కీల సోర్సు అందులో లేదంటే ఇండెక్స్ -1.03 కన్నా నిటారు అని మాత్రమే తేలుతుంది, నువ్వు రాసిన -1.8 ఎక్కడినుంచి వచ్చిందో నాకైతే అర్థం కాలేదు. అదీ ఆ 25 నిజమైతే! టీజీఎస్‌ఎస్ కేటలాగ్ 7 సిగ్మా గీత (నాయిస్‌కి 7 రెట్లు) దగ్గర నాయిస్ పైకి ఎగదోసినవి లిస్టులోకి ఎక్కేస్తాయి, కిందికి తొక్కేసినవి రావు. అందుకే గీత అంచునున్న వాటి ఫ్లక్స్ మొత్తమ్మీద ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది, స్పెక్ట్రం ఉత్తినే నిటారైపోతుంది. మసక సోర్సుల దగ్గర కొంప ముంచేది ఇదే. 10 సిగ్మా దాటిన వాటితో మొదలుపెట్టు.

ఫస్ట్ (FIRST) అనే ఇంకో 1400 మెగాహెర్ట్జ్ సర్వే షార్ప్‌గా ఉంది కదా అని దాంతో పోల్చేవు సుమా. దాని బీమ్ (ఎంత సన్నటి వివరం విడిగా కనిపిస్తుందో ఆ కొలత) 5 ఆర్క్‌సెకన్లు, టీజీఎస్‌ఎస్‌ది 25. గెలాక్సీలకి ఇరుపక్కలా పరుచుకున్న రేడియో లోబుల ఫ్లక్స్ కొంత ఫస్ట్‌లో జారిపోతుంది, మళ్లీ అదే దొంగ నిటారు. సొంత డేటా అయితే రెండు ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకే యూవీ రేంజ్ (యాంటెన్నాల మధ్య దూరాల పరిధి) తీసుకుని, ఒకే బీమ్‌కి తెచ్చి కొలువు.

జీఎంఆర్‌టీ బ్యాండ్ 4 లోపలే, 550కీ 850 మెగాహెర్ట్జ్‌కీ మధ్య, ఇండెక్స్ తీసేద్దామన్న ఐడియా మానుకో. ఫ్లక్సుల్లో చెరో 10 శాతం ఎర్రర్ ఉంటే 150-1400 మధ్య ఇండెక్స్‌లో 0.06 ఎర్రరే వస్తుంది, అదే ఎర్రర్‌తో బ్యాండ్ 4లో 0.3 దాటిపోతుంది. ఇక పేపర్లో ఏం రాస్తావు?

ఇంత చెప్పానని నీరుగారిపోకు. మొట్టమొదటి మిల్లీసెకన్ పల్సర్ కూడా ముందు 4సీ 21.53 అనే వింత సోర్సే. స్పెక్ట్రం బాగా నిటారు, పైగా మిణుకుమనేది. ఆ రెండూ పట్టుకుని వెంటపడితే, 1982లో అరెసిబో టెలిస్కోప్‌లో 1.56 మిల్లీసెకన్లకోసారి తిరుగుతూ దొరికింది. కాబట్టి నీ లిస్టులో చిన్నగా, చుక్కలా ఉన్నవాటిని విడిగా తీసిపెట్టు. పక్కన ప్రకాశవంతమైన సోర్సు ఉంటే దాని సైడ్‌లోబు (టెలిస్కోప్ వల్ల పుట్టే దొంగ చుక్క) కూడా అచ్చం సోర్సులాగే కనిపిస్తుంది, అందుకే ఒక్కొక్కటీ కళ్లతో చూడాల్సిందే, స్క్రిప్టు మీద వదిలెయ్యకు.

చూశాక కటౌట్లు (ఒక్కో సోర్సు చుట్టూ కత్తిరించిన బొమ్మలు) నాకు పంపు. నాయిస్ మ్యాప్ కూడా జత చెయ్యి, అది లేకుండా పంపితే తెరవను.