అమ్మకాలు పెరిగినా ఖాతాలో డబ్బు నిలవడం లేదా? ఎక్సెల్‌లోనే చూసుకోవచ్చు

ప్రశ్న: మాది చిన్న వ్యాపారం. సరుకు కొని కొంత నగదుకు, కొంత అరువుకు అమ్ముతాం. నెలనెలా అమ్మకాలు పెరుగుతున్నా బ్యాంకు ఖాతాలో డబ్బు నిలవడం లేదు. అకౌంటెంట్ రిపోర్టు చేతికి వచ్చేసరికి మరుసటి నెల సగం గడిచిపోతోంది. డ్యాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా చందా కట్టమని కొందరంటున్నారు. నా లెక్కలు నేనే ఎక్సెల్‌లో చూసుకోలేనా?

జవాబు: చూసుకోవచ్చు. చందా ఇప్పుడే కట్టకండి. మీ ఇబ్బందికి కావాల్సింది రంగుల చార్టులు కావు, వచ్చిన లాభం ఎటు పోయిందో చెప్పే ఒక చిన్న పట్టిక. అమ్మకాల మొత్తాన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసినా ఆ సంగతి బయటపడదు.

ముందు డేటా తీరు సరిచేయండి. నెలకో షీట్, పైన కలిపేసిన సెల్స్, మధ్యమధ్యలో టోటల్ వరుసలు ఉన్న ఫైలు ప్రింటు తీసుకోవడానికి బాగుంటుంది కానీ పైవట్ టేబుల్‌కు (వరుసలను కావాల్సిన తీరుగా కూడి చూపే ఎక్సెల్ పట్టిక) పనికిరాదు. మూడు షీట్లు చాలు. ‘అమ్మకాలు’లో బిల్లులోని ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస: తేదీ, బిల్లు నంబరు, ఖాతాదారు, వస్తువు, ఎన్ని, పన్ను కలపని మొత్తం, పన్ను, ఆ సరుకు మీకు పడిన ఖరీదు. ‘బిల్లులు’లో బిల్లుకు ఒకే వరుస: నంబరు, ఖాతాదారు, గడువు తేదీ. ‘వసూళ్లు’లో డబ్బు వచ్చిన ప్రతిసారీ ఒక వరుస: తేదీ, ఏ బిల్లుకు, ఎంత. ప్రతి షీట్‌లోనూ కంట్రోల్, టి కలిపి నొక్కి డేటాను టేబుల్‌గా మార్చండి. అప్పుడు కింద కొత్త వరుస చేర్చినా ఫార్ములాలు దాన్ని వాటంతట అవే కలుపుకుంటాయి. పైవట్‌ను మాత్రం రిఫ్రెష్ చేయాల్సిందే. పాత అంకెలు చూసి నిర్ణయాలు తీసుకోవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

బిల్లు మొత్తాన్ని ‘అమ్మకాలు’లో వేయకండి. అయిదు వస్తువులున్న బిల్లయితే ఆ మొత్తం అయిదుసార్లు పడి, కూడినప్పుడు అయిదింతలవుతుంది. దాన్ని ‘బిల్లులు’ షీట్‌లో సమ్‌ఇఫ్స్ ఫార్ములాతో (షరతుకు సరిపోయే వరుసలనే కూడేది) రాబట్టుకోండి. వాపసు వచ్చిన సరుకును మైనస్ వరుసగా రాయండి. అమ్మకం, ఖరీదు రెండూ మైనస్‌లోనే ఉండాలి.

సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చుకున్న డేటాలో అన్నిటికంటే ప్రమాదం తేదీలతో. బిల్లుల్లో రోజు ముందు, నెల తర్వాత ఉండి, మీ కంప్యూటర్ సెట్టింగులో నెల ముందు ఉందనుకోండి. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) నేరుగా తెరిస్తే 13వ తేదీ నుంచి ఉన్నవి తేదీలుగా మారక, ఉత్త అక్షరాలుగా ఎడమవైపు అంటుకుని కనిపిస్తాయి. వాటిని ఎవరైనా పట్టుకుంటారు. ఒకటి నుంచి పన్నెండు వరకు ఉన్నవి మాత్రం చప్పుడు లేకుండా తారుమారవుతాయి. మార్చి 5 కాస్తా మే 3 అవుతుంది, నెలవారీ రిపోర్టు మొత్తం తప్పుతుంది. అందుకే ఫైలును డబుల్ క్లిక్ చేయకుండా డేటా మెనూలోని ‘ఫ్రమ్ టెక్స్ట్ సీఎస్‌వీ’ ద్వారా తెచ్చి ‘ట్రాన్స్‌ఫామ్ డేటా’ నొక్కండి. అక్కడ ఎక్సెల్ తానే చేర్చిన ‘చేంజ్‌డ్ టైప్’ అనే మెట్టును తీసేసి, తేదీ కాలమ్‌కు ‘యూజింగ్ లొకేల్’ ఎంచుకుని, రోజు ముందు రాసే దేశపు పద్ధతిని చూపించండి. ఒకసారి సరిగ్గా పెడితే, వచ్చే నెల అదే పేరుతో కొత్త ఫైలు పెట్టి రిఫ్రెష్ కొడితే చాలు.

అంకెలు కూడా ఇలాగే అక్షరాలుగా వచ్చి పడుతుంటాయి. సమ్ వాటిని పట్టించుకోదు, తప్పని కూడా చెప్పదు. మొత్తం తగ్గి కనిపిస్తుందంతే. పైవట్‌లో ‘సమ్’ బదులు తనంతట ‘కౌంట్’ వచ్చిందంటే ఆ కాలమ్‌లో ఎక్కడో అక్షరాలో ఖాళీలో ఉన్నాయని గుర్తు. ఒకే ఖాతాదారు రెండు పేర్లుగా కనిపిస్తే పేరు చివర స్పేస్ ఉందేమో చూడండి. మామూలు స్పేస్‌ను ట్రిమ్ ఫార్ములా తీసేస్తుంది. వెబ్ పేజీల నుంచి వచ్చే 160 నంబరు స్పేస్‌ను (కంటికి మామూలు స్పేస్‌లాగే కనిపిస్తుంది) తీయలేదు, దానికి సబ్‌స్టిట్యూట్ ఫార్ములా వాడాలి. పేర్లు టైప్ చేయడం మానేసి డేటా వ్యాలిడేషన్ జాబితాలోంచి ఎంచుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇక రిపోర్టులు. మొదటిది, ఏ వస్తువు మీద ఎంత మిగులుతోందో చెప్పే పైవట్. శాతాలకు సగటు కట్టకండి. వెయ్యి బిల్లు మీద 50 శాతం, తొమ్మిది వేల బిల్లు మీద 10 శాతం మిగిలితే సగటు 30 శాతమని పైవట్ చెబుతుంది. అసలు మిగిలింది పది వేల మీద 1,400, అంటే 14 శాతమే. పైవట్‌లోని క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్ (పైవట్ లోపలే రాసుకునే ఫార్ములా) ముందు కూడి తర్వాత లెక్కిస్తుంది కాబట్టి లాభాన్ని అమ్మకంతో భాగించడానికి అది సరైనదే. గుణించడానికి మాత్రం వాడకండి. 100 చొప్పున రెండు, 200 చొప్పున మూడు అమ్మితే వచ్చేది 800. అదే పని ఆ ఫీల్డ్‌తో చేయిస్తే అయిదును 300తో గుణించి 1,500 చూపిస్తుంది. గుణకారం ఏదైనా మూల టేబుల్‌లో వరుస దగ్గరే చేయండి.

రెండోది బకాయిల పట్టిక. ‘బిల్లులు’లో పన్నుతో కలిపిన బిల్లు మొత్తంలోంచి వసూళ్ల సమ్‌ఇఫ్స్ తీసేస్తే బాకీ తేలుతుంది. గడువు దాటి ఎన్ని రోజులైందో లెక్కించి 30 లోపు, 31–60, 61–90, 90 పైన అని విడదీయండి. ఇక్కడ టుడే ఫార్ములా వద్దు. పోయిన నెల రిపోర్టు ఈ రోజు తెరిస్తే దాని అంకెలు మారిపోతాయి. ఒక సెల్‌లో రిపోర్టు తేదీ రాసి, అన్నీ దాని మీదే ఆధారపడేలా పెట్టండి. బిల్లులనూ వసూళ్లనూ ఆ తేదీ వరకు ఉన్నవే తీసుకోవాలి, లేకపోతే పాత తేదీ బాకీ సరిగ్గా రాదు.

మూడోది మీ ప్రశ్నకు జవాబిచ్చే పట్టిక. పది వరుసలు కూడా ఉండదు. నెల లాభంతో మొదలుపెట్టండి. అందులో తరుగుదల (సామగ్రి అరిగిపోతున్నందుకు లెక్కలో మాత్రమే రాసే ఖర్చు, డబ్బు బయటికి పోదు) తీసేసి ఉంటే తిరిగి కలపండి. ఖాతాదారుల బాకీ ఎంత పెరిగిందో, గోడౌన్‌లో సరుకు ఖరీదు ఎంత పెరిగిందో తీసేయండి. సరఫరాదారులకు ఇవ్వాల్సింది, వసూలు చేసి ఇంకా కట్టని పన్ను ఎంత పెరిగితే అంత కలపండి. అప్పు అసలు కింద కట్టినది, కొత్త సామగ్రి కొన్నది, ఇంటి ఖర్చుకు మీరు తీసుకున్నది తీసేయండి, కొత్తగా అప్పు తెచ్చి ఉంటే కలపండి. ఉదాహరణకు లాభం 100, పెరిగిన బాకీలు 60, పెరిగిన సరుకు 30, ఇవ్వాల్సినవి పెరిగింది 10, అసలు కట్టింది 25, ఇంటికి తీసుకున్నది 20. కలిపి చూస్తే మైనస్ 25. లాభం వచ్చిన నెలలోనే ఖాతా తగ్గింది! మీ దగ్గరా ఇంచుమించు ఇదే జరుగుతూ ఉండాలి. మొదట బాకీలు, సరుకు వరుసలు చూడండి, అమ్మకాలు పెరిగేకొద్దీ డబ్బును ముందు మింగేవి అవే. ఇంటికి తీసుకునేదాన్ని నెలకింత అని ఒక్కసారే బదిలీ చేసుకుంటే ఆ వరుస కూడా తేటపడుతుంది.

ఈ పట్టిక చివరి అంకె బ్యాంకు, నగదు నిల్వల్లో వచ్చిన తేడాతో కలవాలి. దాని కింద ‘తేడా’ అని ఒక సెల్ పెట్టండి. అది సున్నా కాకపోతే రిపోర్టు ఎవరికీ చూపించకండి. సాధారణంగా దొరికేవి రాయని బ్యాంకు చార్జీలు, రెండుసార్లు పడిన వసూలు, నెలాఖరులో లెక్కించని సరుకు. సరుకును కంటితో చూసి లెక్కపెట్టాల్సిందే, అంచనా వేస్తే లాభమే తప్పుతుంది.

ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరుసలు పడతాయి, మీకు చాలా ఏళ్లు వస్తాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో మాత్రం 65,536 దాటినవి పోతాయి. 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాకపోవడానికి ఈ పరిమితే కారణం. సేవ్ చేసేటప్పుడు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అని ఉందో లేదో చూసుకోండి.

ఇద్దరు ముగ్గురు ఒకేసారి బిల్లులు రాయాల్సి వచ్చినా, సరుకు నిల్వ గంటగంటకూ తెలియాల్సి వచ్చినా అప్పుడు సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించండి. అప్పుడైనా డేటాను సీఎస్‌వీగా బయటికి తీసుకోనిస్తుందో లేదో తెలుసుకున్నాకే చందా కట్టండి.